చమురు బావులు – పులికాటు సరస్సు

(సూళ్లూరుపేట, తడ, సత్యవేడు ప్రాంతముల గ్రామస్థుల సమావేశమునందు ఒక పౌరసంబంధ అధికారి చేసిన ప్రసంగ పాఠము)



చమురు బావులను గురించి మాటలాడుటకు వచ్చితినని చెప్పగానే మీలో కొందరికి ఆశ్చర్యము కలిగియుండవచ్చును. చిత్తూరు, తిరుపతి జిల్లాలలో చమురు బావి యనునది ఒక్కటియు లేదు. మనకు తెలిసిన బావులు నీటి బావులే. అటులైనచో ఈ ప్రసంగమేల? దీనికి నా సమాధానము ఒక్కటే. ఇల్లు కాలుచుండగా బావి త్రవ్వబూనుట ఎంత నిష్ప్రయోజనమో, చమురు వచ్చి నీటిపై తేలిన పిమ్మట దానిని గురించి తెలిసికొనబూనుటయు అంతే నిష్ప్రయోజనము. ముందుగా తెలిసికొనిన గ్రామము ప్రశ్నించగలదు. తెలియని గ్రామము విలపించును. మన జిల్లా తూర్పు సరిహద్దున పులికాటు సరస్సు ఉన్నది. అవతల సముద్రమున్నది. ఆ రెంటిని నమ్ముకొని వేలాది కుటుంబములు జీవించుచున్నవి. వారి కొరకును, ఎగువనున్న మనయందరి కొరకును ఈ నాలుగు మాటలు.

మొదట చమురు బావి యనగా నేమో చూతము. బోరు వేయుట మన రైతులకు క్రొత్త విద్య కాదు. రిగ్గు లారీ వచ్చును. కేసింగు పైపు దించుదురు. కంప్రెసరు గాలితో రాతిపొడిని పైకి చిమ్ముదురు. వేయి అడుగులు దాటినను నీరు పడకున్నచో రైతు తలపై చేయి పెట్టుకొని కూర్చుండును. ఇది మనకందరకు తెలిసిన కథ. మన క్రిందనున్నది అతిప్రాచీనమైన కఠినశిల. తిరుమల కనుమదారిలో అడుగునున్న పురాతన శిలయు, దానిపై పేరుకొనిన తరువాతి పొరలును కలియు చోటును జాతీయ భూవైజ్ఞానిక స్మారకముగా గుర్తించియున్నారు. ఆ అడుగు శిల వయస్సు 200 కోట్ల సంవత్సరములకు పైమాటయే. ఇట్టి శిలలో చమురు పుట్టదు. నదులు యుగయుగములుగా సముద్రములోనికి మోసికొనివచ్చిన ఒండ్రు పొరలలో సూక్ష్మజీవుల కళేబరములు చిక్కుకొని, పై బరువుచేతను భూగర్భపు వేడిచేతను మారి చమురుగా, వాయువుగా పరిణమించినవి. కావుననే గోదావరి, కృష్ణ, కావేరి నదుల ముఖద్వారములకడ చమురు దొరకినది గాని, చిత్తూరు మెట్టలలో దొరకలేదు.

చమురు బావి లోతు వేల మీటర్లు. అంత లోతున వాయువు మిక్కుటమైన ఒత్తిడితో నణగియుండును. దానిని పైకి తన్నుకొని రాకుండ పట్టియుంచునది ప్రత్యేకముగా తయారుచేసిన బురద. ఈ బురదను బోలుగా నుండు త్రవ్వుడు గొట్టము గుండ అడుగునకు పంపుదురు. అది రాతిపొడిని తీసికొని గొట్టము వెలుపలి సందు గుండ పైకి వచ్చును. ఆ బురద బరువే వాయువునకు మూత. ఆ బరువు కొరకు కలుపు పదార్థములలో ముఖ్యమైనది ముగ్గురాయి. మన పొరుగుననున్న మంగంపేట గనుల ముగ్గురాయి దేశదేశములలోని చమురు బావులకు పోవుచున్నదన్న సంగతి మీలో ననేకులకు తెలిసియే యుండును. మన రాయి అక్కడి వాయువును అణచియుంచుచున్నది. అయితే లెక్క తప్పి బురద బరువు చాలకపోయినను, సిమెంటు పూత చెడినను, పైనుండు రక్షణ కవాటములు పట్టకపోయినను వాయువు ఒక్కుమ్మడిగా పైకి ఎగదన్నును. దీనినే బ్లోఅవుట్ అందురు. ఒక్క నిప్పురవ్వ సోకిన చాలును, అది అగ్నిస్తంభమగును.

ఇది ఎక్కడనో విదేశములలో జరిగిన కథ కాదు. మన రాష్ట్రమునందే, కోనసీమలో, మామిడికుదురు మండలము పాశర్లపూడివద్ద 1995వ సంవత్సరము జనవరి 8వ తేదీన చమురు, సహజవాయు సంస్థవారి 19వ నంబరు బావి ఇట్లే ఎగదన్ని అంటుకొనినది. ఆ మంట 65 దినములు మండినది. విదేశీ నిపుణులను రప్పించి మార్చి 15వ తేదీనాటికి దానిని అదుపులోనికి తేగలిగిరి. చుట్టుప్రక్కల గ్రామముల ప్రజలు ఇండ్లు వాకిళ్లు విడిచి శిబిరములలో తలదాచుకొనవలసి వచ్చినది. కొబ్బరితోటల నడుమ రేయింబవళ్లు వెలిగిన ఆ మంటను చూచినవారు నేటికిని మరువలేదు. అదే మండలమునందలి నగరము గ్రామమున 2014వ సంవత్సరము జూన్ 27వ తేదీ తెల్లవారుజామున వాయువును తీసికొనిపోవు గొట్టము పగిలి మంటలు లేచినవి. 20 మందికి పైగా మరణించిరి. ఆ గొట్టము లోలోపల తుప్పుపట్టి యుండినది. ఒకటి బావి వద్ద ప్రమాదము. రెండవది బావికి దూరముగా, ఇండ్ల నడుమ జరిగినది. కనుక చమురు బావి తమ గ్రామములో లేదన్నంత మాత్రమున నిశ్చింతగా నుండుటకు వీలులేదు.

మంటలు అందరికిని కనబడును. కనబడని హానులు కొన్ని గలవు. వానిని గూర్చి కొంచెము విపులముగా చెప్పెదను. ఏలయన సున్నితమైన ప్రకృతి ప్రదేశములలో ఎక్కువ చెరుపు చేయునవి అవియే.

మొదటిది అన్వేషణ. భూమిలో ఏ పొర ఎక్కడ నున్నదో తెలిసికొనుటకు నేలపై చిన్న రంధ్రములలో మందుగుండు పేల్చి ప్రకంపనములను కొలుతురు. సముద్రములో గాలి తుపాకులవంటి యంత్రములతో ఈ పని చేయుదురు. ఆ శబ్దము నీటిలో చాల దూరము సాగి, చేపలను, సముద్ర జంతువులను బెదరించును.

రెండవది బావిలోనుండి తిరిగి వచ్చిన బురదయు, రాతిపొడియు. వీనిలో రసాయనములు, నూనెలు, లోహముల అంశములు ఉండవచ్చును. వీనిని అస్తరు వేసిన గుంటలలో నిలువచేసి శుద్ధిచేయవలయును. గుంట చెడినను, పెద్ద వాన వచ్చి గట్టు తెగినను, ఆ బురద దగ్గరనున్న కాలువ త్రోవ పట్టును.

మూడవది చమురుతోబాటు భూగర్భమునుండి వెలువడు నీరు. దీనిని చూచి నీరే కదా యని భ్రమపడరాదు. అనేక తావులందు అది సముద్రపు నీటికన్న ఉప్పన. చమురు జిడ్డు కలిసియుండును. బావి ముదిరినకొలది చమురు తగ్గి ఈ నీరు పెరుగును. దానిని శుద్ధిచేయకుండ, లేదా తగిన లోతు పొరలలోనికి తిరిగి పంపకుండ, పొలముపై వదలినచో ఆ నేల అనేక సంవత్సరములు పైరు నీయదు.

నాలుగవది వృథా వాయువును మండించు మంట. రాత్రియంతయు పగలువలె వెలుతురు. పక్షులు రాత్రివేళ ప్రయాణము చేయునవి. వెలుతురు వాటికి దారి తప్పించును.

అయిదవది దారులు, గట్లు. యంత్రములు పోవుటకు చిత్తడి నేలలో మట్టి పోసి బాట వేసినచో నీటి పారుదల రెండుగా చీలును. ఒక ప్రక్క నీరు నిలిచి కుళ్లును. రెండవ ప్రక్క ఎండును. బావి పని పదేండ్లకో ఇరువదేండ్లకో ముగియును గాని ఆ కట్ట మిగిలిపోవును.

ఇక సున్నితమైన ప్రదేశము అనగా నేమి? రైతు భాషలో చెప్పెదను. ఎర్రనేలలో ఒక కుండెడు నూనె ఒలికినచో ఆ గంపెడు మన్ను ఎత్తి పారవేయవచ్చును. అదే నూనె త్రాగునీటి బావిలో ఒలికినచో? బావియంతయు పోయినట్లే. నష్టమును ఒక చోట ఆపుటకు వీలులేనిదియు, చెడిన పిమ్మట తిరిగి మునుపటివలె చేయుటకు సాధ్యము కానిదియు నైన తావును సున్నితమైన ప్రదేశ మనవచ్చును. మడ అడవులు, చిత్తడి నేలలు, నదీముఖములు, ఉప్పునీటి కయ్యలు ఇట్టివి.

దీనికి అస్సాము రాష్ట్రములో జరిగిన సంఘటన నిదర్శనము. తిన్‌సుకియా జిల్లా బాఘ్‌జాన్ వద్ద ఆయిల్ ఇండియా సంస్థవారి 5వ నంబరు బావి 2020వ సంవత్సరము మే 27వ తేదీన ఎగదన్నినది. జూన్ 9వ తేదీన అంటుకొనినది. మంటలనార్పుటకు పోయిన ఇరువురు అగ్నిమాపక సిబ్బంది మరణించిరి. ఆ బావిని పూర్తిగా అణచుటకు నవంబరు నడిమివరకు పట్టినది. ఆ బావికి చేరువననే మాగురి–మోటాపుంగ్ అను చిత్తడి సరస్సు, ఆవల డిబ్రూ–సైఖోవా జాతీయవనము కలవు. వాయువుతోబాటు వచ్చిన నూనె తుంపర నీటిపైనను, గడ్డిపైనను, తేయాకు తోటలపైనను పడినది. చేపలు చచ్చి తేలినవి. నదీ డాల్ఫిను కళేబరమొకటి కనబడినది. చేపలు పట్టి, యాత్రికులకు పడవలు నడిపి బ్రతుకుచుండినవారికి ఒక్కమారుగా పని లేకపోయినది. బావి నార్పుట ఇంజనీరుల పని, అది ముగిసినది. సరస్సును మరల సరస్సుగా చేయుట ఏ ఇంజనీరు పని?

ఇప్పుడు మన పులికాటు వైపు చూతము. ఒడిశాలోని చిలికా తరువాత మన దేశమున ఇదే పెద్ద ఉప్పునీటి సరస్సు. దీని అధిక భాగము మన రాష్ట్రమునందును, దక్షిణ భాగము తమిళనాడునందును ఉన్నది. మన భాగమును 1976లో పక్షుల సంరక్షణ కేంద్రముగా ప్రకటించిరి. సరస్సునకును సముద్రమునకును నడుమ శ్రీహరికోట దీవి కాపలాకాయుచున్నది. రాయదొరువు వంటి కొలది ముఖద్వారముల గుండ మాత్రమే సముద్రపు నీరు లోనికి వచ్చి పోవుచుండును. ఆ ద్వారములు ఇసుకమేట వేసి పూడిపోయినప్పుడు మత్స్యకారులు పడు అవస్థ మీకు తెలియనిది కాదు. రొయ్యపిల్లలు సముద్రమునుండి ఈ ద్వారముల గుండనే సరస్సులోనికి వచ్చి, ఇచ్చటి వెచ్చని పలుచని నీటిలో పెరిగి, మరల సముద్రమునకు పోవును. కావున సరస్సు రొయ్యలకు పుట్టినిల్లు కాదు గాని పెంపుడిల్లు. ఆ పెంపుడింటి వాకిలి ఇరుకు, నీరు లోతులేనిది. ఎండకాలమున మన భాగములో చాలవరకు నీరు ఇగిరి బురదనేల బయటపడును. ఇట్టి సరస్సులో చమురు ప్రవేశించినచో అది తిరిగి పోవుటకు దారి ఏది? అలల తాకిడి లేదు, లోతు లేదు, ప్రవాహము లేదు. అది బురదలో ఇంకి అక్కడనే యుండును.

పక్షుల సంగతి చెప్పెదను. చలికాలమున వచ్చు ఫ్లెమింగోలు, మనవారు రాజహంసలని పిలుచునవి, తల క్రిందుచేసి ముక్కుతో బురదనీటిని వడగట్టి అందులోని నాచును, సూక్ష్మజీవులను తినును. నీటిపై నూనె పొర ఉన్నచో వడగట్టునది ఆ నూనెనే. దొరవారిసత్రము దగ్గర నేలపట్టులో, సుమారు 459 హెక్టార్ల చిన్న సంరక్షణ కేంద్రములో, గూడబాతులు నీట నిలిచిన చెట్లపై గూళ్లు పెట్టి పిల్లలను పెంచును. ఆ పిల్లలకు ఆహారము పులికాటు చేపలే. పక్షి ఈకలపై నూనె సోకినచో ఈకలు నీటిని చిమ్మగల శక్తిని కోల్పోవును. పక్షి తడిసి, చలిచే వణకి, ముక్కుతో ఈకలను దువ్వుకొనుచు ఆ విషమును మ్రింగును. ఏటేట సూళ్లూరుపేటలో జరుగు పక్షుల పండుగకు వేలమంది వచ్చుచున్నారన్నచో దానికి మూలధనము ఈ పక్షులే.

సత్యవేడు, నాగలాపురము, పిచ్చాటూరు ప్రాంతములనుండి వచ్చినవారు, ఇది కడలి ప్రక్కవారి గొడవ యని అనుకొనవచ్చును. అట్లు కాదు. పిచ్చాటూరు జలాశయమునుండి పారు ఆరణియారు తమిళనాడులో ప్రవేశించి పులికాటులోనే కలియుచున్నది. సూళ్లూరుపేట ప్రక్కన పారు కాళంగియు అందులోనే కలియుచున్నది. మీ చెరువు కలుజు దాటిన నీరు తుదకు ఆ సరస్సులోని రొయ్యను పెంచుచున్నది. ఎగువన చెడినది దిగువకు పోవును. దిగువ చేపలు తగ్గినచో ఎగువ సంతలో చేపల ధర పెరుగును.

పులికాటులో చమురు బావి లేనప్పుడు ఈ భయమెందులకని అడుగుదురా? చమురు బావి లేకయే మన పొరుగువారు రెండు మారులు దెబ్బతినిరి. ఎన్నూరు తీరము పులికాటు దక్షిణపు కొనకు చేరువ. 2017వ సంవత్సరము జనవరి 28వ తేదీన ఎన్నూరులోని కామరాజర్ ఓడరేవు వెలుపల రెండు ఓడలు ఢీకొని చమురు సముద్రముపాలైనది. ఒడ్డునకు చేరిన చిక్కని నల్లని ముద్దను విద్యార్థులు, మత్స్యకారులు, స్వచ్ఛంద సేవకులు బకెట్లతో తోడిపోసిరి. ఇంత విజ్ఞానము పెరిగిన కాలములో చమురును బకెట్లతో తోడవలసి వచ్చినదన్న సంగతి గమనింపుడు. అది సముద్రపు తాబేళ్లు గ్రుడ్లు పెట్టుటకు ఒడ్డునకు వచ్చు కాలము. ఇక 2023వ సంవత్సరము డిసెంబరు మాసమున మిచౌంగ్ తుపాను వానలలో మణలి పారిశ్రామిక ప్రాంతమునుండి చమురు వరదనీటితో కలిసి ఎన్నూరు కయ్యలోనికి కొట్టుకొనివచ్చినది. పడవలు, వలలు, మడచెట్ల కాండములు నల్లబడినవి. మత్స్యకారులు కొన్ని వారములు వేటకు పోలేకపోయిరి. ఆ ఎన్నూరు కయ్యకును పులికాటునకును బకింగుహాము కాలువ సంబంధము కల్పించుచున్నది.

ఇంకొక సంగతి. ఉత్తరమున కృష్ణా–గోదావరి బేసినుకును, దక్షిణమున కావేరి బేసినుకును నడుమనున్న మన సముద్రభాగమును భూగర్భశాస్త్రజ్ఞులు పాలారు–పెన్నా బేసినని పిలుచుచున్నారు. ఇక్కడను చమురు వెదకుటకై క్షేత్రములను కంపెనీలకు కేటాయించిన సందర్భములు లోగడ గలవు. రేపు అన్వేషణ సాగవచ్చును, సాగకపోవచ్చును. కాని ఆ మాట వినబడిననాడు మనము దిక్కుతోచక నిలువరాదు.

నేను చమురు త్రవ్వకములే వలదని చెప్పవచ్చినవాడను గాను. మన దేశము వాడుకొను ముడిచమురులో అయిదింట నాలుగు పాళ్లకు పైగా విదేశములనుండి కొనుచున్నాము. మన పొలములకు వేయు యూరియా తయారగుటకు సహజవాయువు కావలెను. వంటింటి పొయ్యికి, బస్సునకు, పంపుసెట్టునకు ఇంధనము కావలెను. 2002లో మన తీరమున కె.జి. బేసిను లోతు సముద్రములో పెద్ద వాయు నిక్షేపమును కనుగొనినప్పుడు దేశమంతయు సంతోషించినది; 2009లో ఉత్పత్తియు ప్రారంభమైనది. దేశమునకు ఇంధనము అవసరము. అయితే దేశమునకు చేపయు అవసరమే, త్రాగునీరును అవసరమే. చమురు నిక్షేపము ఇరువది ముప్పది ఏండ్లలో తరిగిపోవును. సరస్సు చెడకున్నచో మన మనుమల మనుమలకును తిండి పెట్టును. కావున ఎక్కడ త్రవ్వవచ్చును, ఎక్కడ త్రవ్వరాదు, త్రవ్వినచో ఏ జాగ్రత్తలతో త్రవ్వవలెను అను వివేచన చేయుటయే మన కర్తవ్యము.

ఈ వివేచన కొరకే శాసనములు ఏర్పడినవి. 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టము, 1986వ సంవత్సరపు పర్యావరణ పరిరక్షణ చట్టము, 2019వ సంవత్సరపు తీర నియంత్రణ నోటిఫికేషను ముఖ్యమైనవి. 2006 సెప్టెంబరులో వెలువడిన నోటిఫికేషను ప్రకారము, ప్రజాభిప్రాయ సేకరణ అవసరమైన పథకములకు పూర్వము పర్యావరణ ప్రభావ నివేదికను తయారుచేసి, దాని సారాంశమును స్థానిక భాషలో అందుబాటులో నుంచవలెను. సభకు కనీసము 30 దినములు ముందుగా ప్రకటన వెలువడవలెను. జిల్లా కలెక్టరుగాని, తగిన హోదాగల వారి ప్రతినిధిగాని అధ్యక్షత వహింతురు. మీరు చెప్పినదంతయు చిత్రీకరింపబడును. తుదకు ఆ అంశముల సారమును మీ భాషలో చదివి వినిపింపవలెను. ఈ సభలో మాటలాడుటకు చదువుతో నిమిత్తము లేదు. వల వేయు చేతికున్న అనుభవము ఏ నివేదికలోను ఉండదు.

ఇచ్చట ఒక ముఖ్య విషయమును గుర్తుంచుకొనవలెను. 2020వ సంవత్సరము జనవరి 16వ తేదీ సవరణ వలన, చమురు, వాయువుల అన్వేషణ దశలో జరుగు త్రవ్వకములను వేరొక వర్గములో చేర్చిరి. ఆ వర్గమునకు ప్రజాభిప్రాయ సేకరణ అవసరము లేదు. నిక్షేపము దొరకి ఉత్పత్తికి పూనుకొనునప్పుడే ఆ సభ జరుగును. అనగా మొదటి రిగ్గు వచ్చునాటికి మీకు సభ ప్రకటన రాకపోవచ్చును. ఆ దశలో మీకున్న సాధనములు గ్రామసభ తీర్మానము, కలెక్టరుగారికి వినతి, 2005వ సంవత్సరపు సమాచార హక్కు చట్టము క్రింద పెట్టు దరఖాస్తు. వీనిని వాడుకొనుట ప్రభుత్వమునకు ఎదురు తిరుగుట కాదు, ప్రభుత్వమునకు తోడ్పడుటయే.

సభ జరిగిననాడు ఏమి అడుగవలెను? పథకము మంచిదా చెడ్డదా యని మాత్రమే కేకలు వేసినచో లాభము లేదు. నిర్దిష్టముగా అడుగుడు. బావినుండి వచ్చు బురదను ఎక్కడ నిలువచేయుదురు? తుపాను వచ్చినచో ఆ గుంట గట్టు నిలుచునా? ఉప్పునీటిని ఏమి చేయుదురు? ప్రమాదము జరిగినచో ఎన్ని గ్రామములను, ఏ దారిని, ఏ వాహనములలో తరలింతురు? మంటనార్పు సామగ్రి ఎంత దూరమున నున్నది? వేట ఆగినన్ని దినములు మత్స్యకారునకు ఎవరు, ఎట్లు చెల్లింతురు? పని ముగిసిన పిమ్మట బావిని మూసి, బాటను తొలగించి, నేలను పూర్వపు రీతికి తెచ్చు బాధ్యత ఎవరిది? ఈ ప్రశ్నలకు వ్రాతమూలకముగా సమాధానము కోరుడు.

ఇక ఈ ప్రసంగమునందు మీరు మనసున నిలుపుకొనవలసిన ముఖ్యమైన మాట. మన గ్రామములలో అడంగలు అనునది అనాదిగా తెలిసినదే. ఏ సర్వే నంబరు ఎవరిది, అందులో ఏ పైరు వేసిరి, నీటి ఆధారమేమి యను వివరములు అందులో నుండును. తుపాను వచ్చి పైరు పోయిననాడు ఆ అడంగలే రైతుకు సాక్ష్యము. మరి సరస్సునకు అడంగలేది? ఏ మాసమున ఏ చేప ఎంత పడినదో, ముఖద్వారము ఎప్పుడు తెరచుకొని ఎప్పుడు పూడినదో, ఫ్లెమింగోలు ఏ వారమున వచ్చినవో ఏ పుస్తకములో వ్రాసియున్నది? చమురు వలన నష్టము కలిగిననాడు మొట్టమొదట అడుగునది, అంతకుముందు ఎట్లుండెనని. ఆ ప్రశ్నకు నోటిమాట తప్ప ఆధారము లేనివాడు పరిహారమునకై తిరిగి తిరిగి అలసిపోవును. మంట వలన కలిగిన నష్టమును అందరును ఒప్పుకొందురు. మెల్లమెల్లగా తగ్గిన చేపలను, మెల్లమెల్లగా ఉప్పనైన బావినీటిని, లెక్కలేకయే ఎవరు ఒప్పుకొందురు?

కావున ఇప్పుడే, ఏ రిగ్గు రాకముందే, లెక్క వ్రాయనారంభింపుడు. ఇందుకు చట్టపు అండ కలదు. 2002వ సంవత్సరపు జీవవైవిధ్య చట్టము ప్రకారము ప్రతి స్థానిక సంస్థలోను జీవవైవిధ్య నిర్వహణ సంఘము ఏర్పడవలెను. ఆ సంఘము ప్రజా జీవవైవిధ్య రిజిస్టరును తయారుచేయవలెను. మీ పంచాయతీలో ఆ రిజిస్టరు ఉన్నదా యని విచారింపుడు. ఉన్నచో అది బీరువాలో నున్నదా, వాడుకలో నున్నదా చూడుడు. లేకున్నచో ఆరంభింపుడు.

ఏమి వ్రాయవలెను? పెద్ద శాస్త్రము అక్కరలేదు. ప్రతి మాసమున ఒక నిర్ణీత దినమున, ఒక నిర్ణీత చోట సరస్సు నీటి లోతును గుర్తు కర్రతో కొలువుడు. పడవ రేవునకు వచ్చిన చేప, రొయ్య, పీతల రకములను, తూకమును వ్రాయుడు. ముఖద్వారము స్థితిని వ్రాయుడు. మొదటి పక్షుల గుంపు కనబడిన తేదీని, నేలపట్టు చెట్లపై గూళ్లు కట్టిన మాసమును వ్రాయుడు. గ్రామములోని త్రాగునీటి బావుల, బోరుల నీటిని సంవత్సరమునకు రెండు మారులు, వానలకు ముందొకమారు, తరువాతనొకమారు, గ్రామీణ నీటి సరఫరా శాఖవారి ప్రయోగశాలలో పరీక్ష చేయించి ఆ కాగితమును రిజిస్టరులో అతికింపుడు. నేడు ప్రతి యింటను కెమెరాగల ఫోను ఉన్నది. ఒకే చోటునుండి తేదీతో ఛాయాచిత్రము తీయుడు. బడిపిల్లలకు ఈ పని అప్పగింపుడు, ఉపాధ్యాయులు సరిచూచెదరు. అటకానితిప్ప, భీములవారిపాలెము, ఇరకము, వేనాడు వంటి సరస్సు గ్రామములలో ఒక్కొక్కచోట ఇద్దరు శ్రద్ధగలవారు దొరకినను చాలును. ఏడాదికొకమారు గ్రామసభలో చదివి సంతకములు పెట్టుడు. అయిదేండ్ల లెక్క చేతనున్న గ్రామము మాటకు సభలో తూకము వేరుగా నుండును. ఈ లెక్క చమురుకు మాత్రమే కాదు, ముఖద్వారము పూడికకును, రొయ్యల చెరువుల మురుగునకును, పరిశ్రమల నీటికిని పనికివచ్చును.

గొట్టపు మార్గములను గురించి రైతులకు ఒక హెచ్చరిక. నేడు పట్టణములకు వాయువు గొట్టముల ద్వారా వచ్చుచున్నది. 1962వ సంవత్సరపు చట్టము క్రింద మీ పొలములో గొట్టము వేయు హక్కును తీసికొనినప్పుడు భూమి మీదే యగును గాని, ఆ పట్టీపై ఇల్లు కట్టుటకు, బావి, చెరువు త్రవ్వుటకు, చెట్లు నాటుటకు వీలులేదు. నోటీసును పూర్తిగా చదివించుకొని, అభ్యంతరమున్నచో గడువులోపల తెలుపుడు. గొట్టము గుర్తురాళ్ల దగ్గర జె.సి.బి. యంత్రముతో త్రవ్వరాదు. వాసన సోకినను, నేలనుండి బుసబుస శబ్దము వినవచ్చినను, గడ్డి ఒక వరుసగా మాడినట్లు కనబడినను అగ్గిపుల్ల గీయరాదు. మోటారు స్విచ్చి వేయరాదు. గాలి వీచు దిక్కునకు అడ్డముగా దూరముగా తొలగిపోయి, గుర్తురాతిపై నున్న నంబరునకును, 112 నంబరునకును తెలుపవలెను. సముద్రముపై నూనెతెట్టు కనబడినచో మత్స్యకారులు తీరరక్షక దళమువారి 1554 నంబరునకు తెలుపవలెను. ఆ తెట్టులో వల వేయరాదు. దానిని చేతితో ముట్టరాదు.

మిత్రులారా, సముద్రమును, సరస్సును, శేషాచలపు అడవులను మన పెద్దలు మనకు చెడకుండ అప్పగించిరి. 2010లో శేషాచలమును జీవావరణ పరిరక్షణ ప్రదేశముగా ప్రకటించినప్పుడు మనమందరము గర్వించితిమి. కొండకున్న గౌరవము కయ్యకును కలుగవలెను. కొండ ఎత్తుగా నుండుటచే అందరికిని కనబడును. సరస్సు పల్లమున నుండుటచే దాని కష్టము ఎవరికిని కనబడదు. దానిని కనిపెట్టియుండవలసినవారు దాని ఒడ్డున నివసించు మీరే. శాసనములు ప్రభుత్వము చేయగలదు. యంత్రములు సంస్థలు తేగలవు. కాని ఈ నీరు నిన్న ఎట్లుండెనో, నేడు ఎట్లున్నదో చెప్పగలవారు మీరు తప్ప వేరొకరు లేరు.

ఈ మాసాంతమునకు జరుగు గ్రామసభలో ఈ రిజిస్టరు సంగతి మొదటి అంశముగా చేర్చుకొనుడని కోరుచున్నాను.

జై హింద్.